మా లంకాయాత్రకు వ్రాసిన పట్టిక

యాత్రకు పోయివచ్చినవారు తాము చూచినదానిని పత్రికకు వ్రాయుట వాడుక. నేను వ్రాయబోవునది చూచినదానిని గూర్చి కాదు. చూచుటకు ముందు పదునెనిమిది మాసములు మా రామంతాపూరు మేడమీద నలుగురు స్త్రీలము కూర్చుండి వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాసిన యొక పట్టికను గూర్చి. అందులో నేను చేసిన తప్పు కూడ నున్నది. దానిని దాచవలయునని మొదట తోచెను. కాని నావలెనే ఒక్కమారు పరదేశము చూచివచ్చి, ఎన్నడును పోని చెలులను వెంటబెట్టుకొని మరల పోదలచు సోదరీమణులు నేడు మనలో పలువురు కలరు. వారికి నా తప్పు పనికివచ్చునేమో యని దాచక వ్రాయుచున్నాను.

మా వారు ఉప్పలులో నొక పాఠశాలయందు సాంఘికశాస్త్రము బోధింతురు. 2018వ సంవత్సరపు వేసవి సెలవులలో ఆయన తోడి యుపాధ్యాయులతో లంకకు పోవుచు నన్నును తీసికొనిపోయిరి. చిన్ననాడు తాతగారు ఇంటిలో చెప్పిన పాఠములవలన నాకు కావ్యములలోని లంక తెలియును గాని, భూమిమీది లంక తెలియదు. తిరిగివచ్చిన పిదప అయిదేండ్లు ఇరుగుపొరుగు వారికి ఆ కథలే చెప్పుచుంటిని. 2023 శ్రావణమాసమున, వరలక్ష్మీవ్రతపు వాయనము పుచ్చుకొనుచు, ఎదురింటి వదినగారు నా మాటకు అడ్డువచ్చి, "నీ కథలు విని విని మాకు దారి కంఠస్థమైనది. ఇక కన్నులతో చూపింపుము" అనిరి.

అందరును నవ్విరి. ఆ నవ్వు ముగియకముందే చీటీ మొదలైనది. ఇది పాటలేని చీటీ: నలుగురము నెలకు మూడువేల చొప్పున బ్యాంకులో వేయవలయును, పదునెనిమిది మాసములు ఎవ్వరును ముట్టరాదు. ఇంట పెండ్లి వచ్చినను ముట్టరాదని నియమము పెట్టినది వదినగారే.

ఆ నలుగురమెవరమో చెప్పవలయును. వదినగారికి నలుబదియారేండ్లు. ఆమె భర్తకు నాచారములో లేతు యంత్రములు గల చిన్న పనిశాల కలదు. అందు పనిచేయు పదిమందికిని ప్రతిదినము మధ్యాహ్నభోజనము వదినగారే వండి పంపుదురు. క్రింది వాటాలోని చెల్లెలు ముప్పదియొక్క యేండ్లది. ఒక వ్యాపారసంస్థలో లెక్కలు వ్రాయును. మూడవవారు రెండు వీధుల కావల నుండు పిన్నిగారు. ఏబదియెనిమిదేండ్ల వయస్సు, భర్త గతించి పదునొకండేండ్లు, కొడుకు కోడలితో నున్నారు. "ఈ వయసున ఆమెకేల?" యని కొందరనిరి గాని, చీటీ డబ్బు ప్రతినెల మొదటి తేదీననే తెచ్చి యిచ్చినది పిన్నిగారొక్కరే.

ముగ్గురికిని పాస్‌పోర్టులు లేవు. మొదటిసారి పోవువారితో ప్రయాణము చేయువారు అన్నింటికంటె ముందు చూచుకొనవలసినది ఇదియే. 36 పుటల పుస్తకమునకు 1500 రూపాయలు కట్టితిమి. పెద్దవారికి అది పదియేండ్లు చెల్లును. దరఖాస్తు ఫోనులోనే పూర్తిచేసి, కేటాయించిన దినమున ఉప్పలులో మెట్రో రైలెక్కి, 2024లో అమీరుపేటలో నుండిన సేవాకేంద్రమునకు పోయితిమి. వ్రేలిముద్రలు, ఛాయాచిత్రము, ఒకటి రెండు ప్రశ్నలు, అంతే. వదినగారు ఏడవ తరగతితో చదువు మానినవారు గనుక వారి పుస్తకమునకు "వలస తనిఖీ అవసరము" అను వర్గము వచ్చెను. దానిని చూచి వారి మొగము చిన్నబోయెను. "చదువు లేనిదాననని ముద్రవేసినారు, నన్ను విమానమెక్కనీయరు" అనిరి. ఆ నియమము కొన్ని దేశములకు ఉద్యోగమునకై పోవువారి రక్షణకొరకు గాని, విహారమునకు పోవువారిని ఆపుటకు కాదు. ఈ మాట మా వారు రెండుమారులు చెప్పినను నమ్మక, విమానమెక్కి కూర్చున్న తరువాతనే నమ్మిరి.

పిన్నిగారి సంగతి వేరు. ఆమె ఆధారు కార్డుపై మెట్టినింటి పేరున్నది. ఆమె పెట్టెలో భద్రముగా దాచిన పదవ తరగతి పత్రముపై పుట్టినింటి పేరున్నది. పురుషునకు ఇంటిపేరొకటే, పుట్టినది మొదలు పోవువరకు దానికి మార్పు లేదు. స్త్రీకి రెండు, ఎక్కడ ఏది వ్రాసియున్నదో ఆమెకే తెలియదు, అడుగువారును లేరు. పెండ్లియైనంత మాత్రమున పేరు మార్చుకొనితీరవలయునని చట్టములో లేదు. కాని పత్రములన్నియు నొక్కమాట చెప్పవలయును. రెండింటిలో నొకదానిని మార్పించక తప్పదు. ఏది మార్పింతుమని అడిగినప్పుడు పిన్నిగారు వెంటనే చెప్పలేదు. పదిదినములు గడువు కోరిరి. కొడుకు మాత్రము, "దీనిలో ఆలోచించుట కేమున్నది? మన యింటిపేరే ఉంచుడు" అనెను.

పదునొకండవ దినమున ఆమె ఆ పత్రమును నా చేతిలో పెట్టి, "అమ్మాయీ, ఇది మా నాయన నన్ను ఇరుగుపొరుగు వారి మాటలు కాదని బడికి పంపి సంపాదించి యిచ్చినది. నలుబదియేండ్లకు పైగా పెట్టెలోనే యున్నది. ఒక్కనాడు కూడ దీనితో పని పడలేదు. ఈ పేరే వ్రాయింపుము" అనిరి. కొడుకునకు కష్టము తోచెను. రెండు దినములు తల్లితో సరిగా మాటలాడలేదట. ఆమె ఊరకుండిరి. తగిన పత్రములు సమకూర్చి ఆధారును సవరింపించుటకు మూడు మాసములు పట్టెను. పాస్‌పోర్టు పుస్తకము తపాలాలో వచ్చిననాడు కొడుకే విప్పి, పేరు బిగ్గరగా చదివి, "తాతగారి పేరు" అని తల్లి చేతికిచ్చెనని కోడలు చెప్పినది. ఇక్కడ సోదరీమణులకు నేను చెప్పునది యొకటే: పుస్తకము చేతికి రాకమునుపు విమానపు చీట్లు కొనకుడు. పుస్తకములో నున్న పేరు ఒక్క అక్షరమైనను తేడా లేక చీటీలో నుండవలయును. పేరు స్థిరపడక ముందే చీట్లు కొనియుండినచో మా డబ్బు గంగలో కలిసియుండును.

ఇక పట్టిక.

2024 దసరా సెలవులలో నేను పాత దినచర్యపుస్తకము ముందుంచుకొని రెండు రాత్రులు కూర్చుండి దానిని వ్రాసితిని. ఏడు దినములలో తొమ్మిది స్థలములు: అనూరాధపురము, తిరుకోణమల, సిగిరియ, దంబుల్ల, కాండీ, నువర ఎలియ, ఎల్ల, గాలె, కొలంబో. ఎక్కడ ఎన్ని గంటలకు లేవవలయునో, ఎక్కడ ఏ వాకిలినుండి లోపలికి పోవలయునో, 2018లో నేను దేనిని చూచి ఆశ్చర్యపడితినో అదియంతయు అందున్నది. మేడమీద చాపవేసి, దానిని పురాణము చదివినట్లు చదివితిని. చెల్లెలు చప్పట్లు కొట్టినది. వదినగారు, "బండిలో ఎన్ని గంటలు కూర్చుండవలయును?" అనిరి. పిన్నిగారు తల యూపుచు వినిరి. ఆ తల యూపుట చూచి వారికి నచ్చినదనుకొంటిని.

రఘువంశమున పదుమూడవ సర్గమందు రాముడు పుష్పకములో లంకనుండి మరలివచ్చుచు సీతకు క్రిందనున్న వన్నియు చూపును. ఆ సర్గమంతయు చూపుట రాముని వంతు, చూచుట సీత వంతు. చిన్ననాడు అది చదువునపుడు నాకు చూపువాని సంతోషమే కనబడినది. ఆ రాత్రి మేడమీద నేనును పుష్పకముమీదనే కూర్చుంటిని. క్రింద ఏమున్నదో నాకు ముందే తెలియును. ప్రక్కనున్నవారికేమి కావలయునో అడుగుట తోచలేదు.

మరునాడు మధ్యాహ్నము మా వారు బడికి పోయిన వేళ పిన్నిగారు ఒంటరిగా వచ్చిరి. నీళ్లు త్రాగి, కొంగుతో మొగము తుడుచుకొని, "అమ్మాయీ, నీ పట్టికలో సముద్రమెప్పుడు?" అని యడిగిరి.

చూచితిని. ఏడవనాటి సాయంకాలము, కొలంబోలో గాల్ ఫేస్ మైదానము, అరగంట. గాలెలో సముద్రమున్నదిగాని అక్కడ నేను వ్రాసినది కోటను గూర్చి.

"అరగంటయా?" అనిరి. కొంతసేపు మాటలేదు. తరువాత, "నేను సముద్రమును చూడలేదు" అనిరి.

ఆమె భర్త లారీ నడిపినవారు. విశాఖపట్టణమునకు, కాకినాడకు, బందరునకు సరకు వేసికొనిపోయి వచ్చినప్పుడెల్ల సముద్రమును గూర్చి చెప్పెడివారట. ఒకమారు శంఖమొకటి తెచ్చి, చెవియొద్ద నుంచుకొనుము, అదియే సముద్రపు చప్పుడని చెప్పిరట. వచ్చుసారి నిన్ను తీసికొనిపోయెదననెడివారట. ఒకమారు కొడుకు పరీక్షలు, ఒకమారు అత్తగారి జబ్బు, ఒకమారు లారీ మరమ్మతు. ఆ వచ్చుసారి రాలేదు. శంఖము నేటికిని ఆమె టీవీ మీద నున్నది.

నేను తెలివిమాలి, "విశాఖపట్టణమునకు ఎన్నడైనను పోయియుండవచ్చును గదా పిన్నిగారూ" అంటిని.

"పోవచ్చును. కొడుకు రమ్మనెను. కాని అది ఆయన సముద్రము. ఆయన లేక అక్కడికి పోవ మనసొప్పలేదు. ఇది వేరు. దీనిని ఆయనయు చూడలేదు" అనిరి. ఆ మాట చెప్పి, నా పట్టిక పాడుచేయవలదనియు, అరగంటయే చాలుననియు, ఊరక యడిగితిననియు పదేపదే చెప్పి లేచిపోయిరి.

ఆ సాయంకాలము వంట మాడినది. మా వారు ఏమైనదని యడుగగా చెప్పితిని. ఆయన మందలింపలేదు, భూపటము తెచ్చి, దారమొకటి తీసి, నా తొమ్మిది స్థలములను కలుపుచు కొలిచి చూపిరి. లంక చిన్నదని మనము భ్రమపడుదుము. కాని అక్కడి దారులలో, కొండలలో మరింతగా, గంటకు ముప్పదియైదు నలుబది కిలోమీటరులకు మించి సాగదు. విమానము దిగు కటునాయకనుండి సిగిరియకు నాలుగు గంటలు, అక్కడినుండి కాండీకి మూడు, కాండీనుండి నువర ఎలియకు మూడు, అక్కడినుండి పడమటి తీరమునకు అయిదారు. నేను వ్రాసిన పట్టిక ప్రకారము నడచినచో మేల్కొనియున్న కాలములో సగము బండిలోనే గడచును. చూచినవాని కన్నుతో వ్రాసినందున నాకది తెలియలేదు. ఎన్నడును పోనివాని నడుముతో వ్రాసియుండవలసినది.

మరల అందరిని పిలిచి, ఈసారి చదువుట మాని యడిగితిని. ఒక్కొక్కరు ఒక్కటే కోరవలయును, ఒకరి కోరికను మరియొకరు నవ్వరాదు అంటిని. చెల్లెలు సిగిరియ శిల నెక్కవలయుననెను. పిన్నిగారు సముద్రమనిరి. వదినగారు చాలసేపు ఆలోచించి తమ పలుకుబడిలో, "నాకు గుడులొద్దు గోపురాలొద్దు. ఏడు దినాలు పొయ్యి ముట్టియ్యకుండ కూసుంటె సాలు" అనిరి. నవ్వరాదను నియమము అక్కడ కొంచెము సడలినది. నా కోరిక అనూరాధపురము.

దానిని విడిచినది నేనే. ఎవ్వరును విడువుమనలేదు. నాగార్జునకొండలో మూడవ శతాబ్దపు శాసనమొకటి కలదు. బోధిసిరి యను ఉపాసిక తాను కట్టించిన ధర్మకార్యములను అందు చెప్పినది. తామ్రపర్ణి, అనగా లంక, భిక్షువుల ప్రసక్తియు, సింహళ విహారమను పేరును అందున్నవి. పదునేడు వందల యేండ్లకు పూర్వము కృష్ణాతీరమున నొక గృహిణి లంకనుండి వచ్చినవారి కొరకు నీడ కట్టించినది. ఆ భిక్షువుల మూలస్థానము అనూరాధపురము. అక్కడి బోధివృక్షము క్రింద నిలిచి ఈ కథ మా వారలకు చెప్పవలయునని నాకు మిక్కిలి యాశ. కాని అది ఉత్తరమునకు మరియొక దినము. ఆ దినము ఎవరి దినములోనుండి తీయవలయును? కథ మేడమీదనే చెప్పితిని. బాగుగానే వినిరి.

తిరుకోణమల పోయినది ఋతువువలన. వదినగారి అత్తగారు శాంకరీదేవి కుంకుమ తెమ్మనిరి గనుక దానికై కొంత వాదము జరిగినది. లంకకు వానకాలములు రెండు. మే మొదలు సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము పడమటి తీరమును, కొండలను తడుపును. అక్టోబరు నవంబరులు మొదలు జనవరి వరకు ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమును తడుపును. ఒక తీరమున ఎండకాసినపుడు రెండవ తీరము చెడియుండును. 2018 వేసవిలో నేను కొండలను వానతెరలోనుండియే చూచితిని. సెలవులను చూచి పోయితిమి గాని మేఘములను చూచి పోలేదు. మాఘమాసమున పోవుదుమేని పడమర, కొండలు మేలు. తూర్పునకు ఏప్రిలు తరువాత పోవలయును. అత్తగారికి సీతమ్మ గుడి కుంకుమ తెత్తుమని ఒప్పించితిమి.

దినములు నిర్ణయించుటలో మరియొక చిక్కు. లంకలో ప్రతి పూర్ణిమయు సెలవుదినము; దానిని పోయ అందురు. ఆనాడు కాండీ దంతమందిరమున జనసమ్మర్దము, బసలు దొరకుట కష్టము. 2025 ఫిబ్రవరి 12న పూర్ణిమ, 26న శివరాత్రి, అప్పటికి ఇల్లు చేరితీరవలయునని పిన్నిగారు. నడుమ 15 మొదలు 22 వరకు కుదిరినది. సిగిరియ ప్రాంతమున రెండు రాత్రులు, కాండీలో రెండు, నువర ఎలియలో నొకటి, తుదకు నెగొంబోలో రెండు. కొలంబో పట్టణమును పూర్తిగా విడిచితిమి. విమానాశ్రయము కొలంబోకు ఉత్తరముగా ముప్పది కిలోమీటరుల దూరమున కటునాయకలో నున్నది. నెగొంబో దానికి పది కిలోమీటరులే. కావున దిగినవెంటనే పట్టణములో చిక్కుకొనక లోపలికి పోవచ్చును. తుదిని సముద్రమునొద్ద నిశ్చింతగా నుండి విమానమెక్కవచ్చును. పట్టికలో ఆరవ, ఏడవ దినముల గళ్లలో ఏమియు వ్రాయలేదు. చెల్లెలు, "ఇక్కడ ఖాళీ విడిచితివి" అనెను. విడిచితినంటిని.

ఇండ్లలోని ఆక్షేపణలను గూర్చి ఎంతైన వ్రాయవచ్చును గాని త్వరగా ముగింతును. వదినగారి భర్త 2022లో లంకలో పెట్రోలునకు జనము బారులు తీరిన వార్తలను జ్ఞప్తియందుంచుకొని, "నడిదారిలో బండి యాగినచో?" అనిరి. అది గడచిన కాలమని నచ్చజెప్పుటకు నెల పట్టెను. అసలు భయము పెట్రోలు కాదు, పదిమంది భోజనము. ఆ వారము ఉప్పలులోని కర్రీ పాయింటునుండి కూరలు తెప్పించి, అన్నము మాత్రము కోడలు వండునట్లు నిర్ణయమైనది. ఆ నిర్ణయమునకు సంవత్సరన్నర పట్టినది గాని, లంకకు కావలసిన అనుమతి మాత్రము ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొద్ది కాలములోనే దొరకినది. దాని రుసుము, నియమములు తరచుగా మారుచుండును గనుక ప్రయాణమునకు ముందు ఆ ప్రభుత్వమువారి స్వంత స్థానములోనే చూచుకొనవలయును.

భోజనమును గూర్చి మాత్రము ఒక సంగతి తప్పక వ్రాయవలయును. అక్కడి యాప్పములు, ఇడియాప్పములు, కొబ్బరిపచ్చడి మనవారికి నచ్చును. కాని ఆ కొబ్బరిపచ్చడిలోను, కాయగూరలలోను ఎండబెట్టిన చేపపొడి వేయుట వాడుక. దానిని ఉంబలకడ అందురు. పైకి కనబడదు. మాంసము లేదా యని యడిగినచో లేదనియే చెప్పుదురు, అబద్ధమును కాదు. కనుక పేరుపెట్టి యడుగవలయును. సింహళములో మాళు అనగా చేప, ఎళవళు అనగా కూరగాయ. ఈ రెండు మాటలను పిన్నిగారికి, నాకు గట్టిగా వల్లెవేయించినది మాంసాహారియైన వదినగారు. సంస్కృతము తెలిసినవారికి ఆ భాషలో చుట్టములు దొరకుదురు: నువర యనగా నగరము, సిగిరి యనగా సింహగిరి, కృతజ్ఞత తెలుపుటకు స్తుతి యందురు. నా చదువు ఈ యాత్రలో పనికివచ్చినది అక్కడ మాత్రమే.

డబ్బునకు ఉమ్మడి సంచి యొకటి, ఎవరిది వారికి వేరొకటి. ఉమ్మడి సంచి చెల్లెలివద్ద. ప్రతిరాత్రి లెక్క చదువవలయును. మన రూపాయకు వారివి మూడింటికి పైగా వచ్చును గనుక ధరలు విని మొదట గుండె యదరును. సిగిరియవంటి స్థలములలో సార్కు దేశములవారికి ప్రవేశరుసుము ఇతర విదేశీయులకంటె తక్కువ. పాస్‌పోర్టు వెంటనుంచుకొనుట మరువరాదు. గడియారము మార్చుకొను పనిలేదు. వారి కాలమును మన కాలమును ఒకటే.

శంషాబాదునకు ఆర్టీసీవారి బస్సులో పోయితిమి. దాని పేరును పుష్పకమే. నేనేమియు అనలేదు.

సిగిరియనాడు తెల్లవారకముందే బయలుదేరితిమి. అయిదవ శతాబ్దమున కాశ్యపుడను రాజు ఆ శిలమీద నగరు కట్టించెను. మెట్లు సుమారు 1200. పిన్నిగారి మోకాళ్లకు అది పనికిరాదని ముందే తెలిసియుండుటచే, ఎక్కువారెవరు, క్రిందనుండువారెవరు అని పట్టికలోనే వ్రాసికొంటిమి. నేను పిన్నిగారితో క్రింది నీటితోటలలో కూర్చుంటిని. ఎక్కవలయునని సంవత్సరముగా కలవరించిన చెల్లెలు సింహపాదములవరకు పోయి, పైనున్న ఇనుపమెట్లను చూచి కన్నులు తిరిగి కూర్చుండిపోయెను. ఏమియు కోరని వదినగారు చీర కుచ్చెళ్లు దోపుకొని పైకెక్కి వచ్చిరి. పైన ఏమున్నదని యడిగితిమి. "గాలి" అనిరి. చెల్లెలు రెండు దినములు ముభావముగా నుండెను. అటువంటి వానికి పట్టికలో గడి యుండదు.

కాండీలో చెరువుగట్టున నడచితిమి. దానిని త్రవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుడు ఆ రాజ్యమునకు కడపటి రాజు; 1739 మొదలు 1815 వరకు ఏలిన నలుగురును మధుర నాయకుల బంధువర్గమువారు, మన తెలుగు మూలము గలవారు. ఇంగ్లీషువారు ఆయనను రాయవేలూరునకు పంపిరి. 1832లో అక్కడనే గతించెను. వదినగారు విని, "పాపము, ఇల్లు విడిచి పోయినవాడు" అనిరి. ఎవరు ఏ యిల్లు విడిచిరో నేను విడమరచి చెప్పలేదు. నువర ఎలియ 1868 మీటరుల ఎత్తున నున్నది; శాలువలు తెచ్చుకొనుమని పదిమారులు చెప్పియు నాది నేనే మరచితిని. సీతమ్మ గుడిలో కుంకుమ తీసికొంటిమి. అదియే వాల్మీకి చెప్పిన యశోకవనమా యని వాదించుట పండితుల పని. అత్తగారికి కుంకుమ ముఖ్యము. ఇటీవల, 2025 నవంబరు చివరను వచ్చిన దిత్వా తుపానువలన ఆ కొండసీమయందు చరియలు విరిగిపడి మిక్కిలి జననష్టము కలిగినది, రైలుదారియు చెడినది. ఆ వార్త విన్ననాడు నలుగురమును మా యింటికే చేరి టీవీ ముందు కూర్చుంటిమి. ఇప్పుడు పోదలచువారు దారుల స్థితి ముందుగా విచారించుకొనవలయును.

నెగొంబో చేరుసరికి చీకటి పడెను. బస ముందే సముద్రము. చప్పుడు వినబడుచున్నది గాని ఏమియు కనబడదు. పిన్నిగారు అరుగుమీద కొంతసేపు నిలిచి, లోపలికి వచ్చి, దుప్పటి కప్పుకొని పరుండిరి. నాకు దిగులు తోచెను. ఇంత దూరము తెచ్చి ఏమి చేసితినా యని నిద్ర పట్టలేదు.

తెల్లవారి చూచునప్పటికి వారి పడక ఖాళీ. గబగబ బయటికి పోయితిని. ఇసుకమీద నారచాపలు పరచి స్త్రీలు చేపలు ఎండబెట్టుచుండిరి. వారి కావల, నీటి యంచున, పిన్నిగారు చీర చీలమండలపైకి పట్టుకొని నిలిచియుండిరి. అల వచ్చినపుడు వెనుకకు జరుగరు. పోయినపుడు ముందుకు జరుగరు. నేను ప్రక్కకు పోయి నిలిచితిని. ఈ నీరు పడమరగా ఎంతదూరము పోవునో చెప్పవలయునని నోటివరకు వచ్చినది. ఊరకుంటిని.

చాలసేపటికి ఆమె నావైపు తిరుగకయే, "ఆయన రంగు చెప్పినారు, వెడల్పు చెప్పినారు. శంఖములో వినబడునది మాత్రము దీని చప్పుడు కాదు, అమ్మాయీ" అనిరి.

వెనుకనుండి వదినగారు కేకవేసిరి. ఎవరో వండిన యాప్పములు వేడివేడిగా వచ్చినవట, చల్లారుచున్నవట, తాము మాత్రము లేచి వడ్డింపబోమని చెప్పిరి.